సంతకం ఉన్న ఫుట్‌బాల్ ఫోటో కొనేముందు క్యాలెండర్ చూడండి

ఆన్‌లైన్‌లో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి ఫోటో అమ్మకానికి ఉందనుకోండి. గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు జెర్సీలో రెజ్జీ వైట్, నీలం మార్కర్‌తో చక్కటి సంతకం, దాని కింద ‘హెచ్‌ఓఎఫ్ 06’ (అంటే హాల్ ఆఫ్ ఫేమ్, 2006) అన్న రాత. వెనకాల మెరిసే స్టిక్కర్, జతగా ఒక సర్టిఫికెట్. ధర కూడా మరీ ఎక్కువేం కాదు. అయినా దాని జోలికి పోకండి. వైట్ 2004 డిసెంబర్ 26న చనిపోయాడు. ఒహాయోలోని క్యాంటన్‌లో ఉన్న ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు దక్కింది 2006లో. ఆ రెండు అంకెలు అతను రాసే వీలే లేదు.

సంతకాల వంపులు పోల్చి అసలేదో నకిలీ ఏదో తేల్చడం ఏళ్లు గడిస్తే గానీ అబ్బదు. తేదీలు సరిచూసుకోవడానికి మాత్రం ఐదు నిమిషాలు చాలు. బద్ధకస్తుల నకిలీలు అక్కడే దొరికిపోతాయి. అందుకే ఇక్కడ తేదీలకే పెద్దపీట వేశాం. ఫ్రేములు, అలంకారాలు తర్వాతి మాట.

1. ఏం సేకరించాలో ముందే తేల్చుకోండి

కనిపించిందల్లా కొంటూ పోతే ఏడాదిలో అల్మరా నిండుతుంది గానీ దానికో రూపం రాదు. ఒకే జట్టు, ఆటలో ఒకే స్థానం, ఒకే సూపర్ బౌల్ (ఏటా జరిగే ఫైనల్), ఏదో ఒకటి ఎంచుకోండి. టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే తెలుగువాళ్లకు డాలస్ కౌబాయ్స్‌తో మొదలుపెట్టడం తేలిక. జట్టు ప్రధాన కార్యాలయం ఫ్రిస్కోలోనే ఉంది. రోజర్ స్టాబాక్, ట్రాయ్ ఎయిక్‌మన్, ఎమిట్ స్మిత్ సంతకాలు అక్కడ కొత్తేం కాదు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉంటే అక్కడి జట్టుకు ఆడిన జో మోంటానా, జెరీ రైస్, రానీ లాట్.

మా అభిప్రాయంలో ఫోటోలకు బాగా నప్పేది ఒక ఘట్టాన్ని పట్టుకోవడం. హెల్మెట్ మీదో బంతి మీదో ఉన్న సంతకం ఆటగాడి పేరు మాత్రమే చెబుతుంది. ఫోటో అయితే ఆ క్షణాన్నే చూపిస్తుంది. 1982 జనవరి 10న క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో మోంటానా విసిరిన బంతిని డ్వైట్ క్లార్క్ ఎండ్ జోన్ (మైదానం చివర పాయింట్లు దక్కే భాగం) వెనక అంచున ఎగిరి వేళ్ల కొసలతో అందుకున్న దృశ్యం వీటిలో ముందు వరుసలో ఉంటుంది. ఆ ఫోటోల మీద క్లార్క్ సంతకంతో పాటు ఆ ఆట ఎలా సాగిందో మార్కర్‌తో బొమ్మ గీసి ఇచ్చేవాడు. ఆ గీతలున్న ఫోటోకి గిరాకీ ఎక్కువ, కాబట్టి దానికి నకిలీలూ ఎక్కువే. క్లార్క్ 2018 జూన్‌లో చనిపోయాడన్నది గుర్తుంచుకోండి. 1972 డిసెంబర్ 23న ఫ్రాంకో హారిస్ నేలకు తాకబోతున్న బంతిని అందుకుని పరుగు తీసిన ఫోటో, 1969 జనవరి 12న మయామీలో మూడో సూపర్ బౌల్ ఆడుతున్న జో నేమత్ ఫోటో కూడా మంచి ఆరంభాలే. నలుపు తెలుపు ఇష్టమైతే 1964 సెప్టెంబర్‌లో పిట్స్‌బర్గ్ మైదానంలో హెల్మెట్ ఊడి, తల నుంచి రక్తం కారుతూ మోకాళ్ల మీద కూర్చున్న వై.ఏ. టిటిల్ ఫోటోకు సాటి లేదు.

సైజు 8×10 అంగుళాలతో మొదలుపెట్టండి. 16×20 గోడ మీద నిండుగా ఉంటుంది గానీ ఫ్రేమూ పోస్టూ తడిసి మోపెడవుతాయి. ఫోటో లైసెన్స్ ఉన్న ముద్రణ అయి ఉండాలి. ఇంటర్నెట్‌లో దింపుకుని ఇంట్లో ప్రింటర్ మీద తీసిన కాగితంపై మార్కర్ సిరా చుట్టూ పాకుతుంది, ముఖాలు మసకగా వస్తాయి. అలాంటిదాని మీద ఎంత గొప్ప సంతకమున్నా తర్వాత కొనేవాడు ముఖం చిట్లిస్తాడు.

2. తేదీల కాగితం రాసుకోండి

మీరు ఎంచుకున్న ప్రతి ఆటగాడికీ మూడు తేదీలు కావాలి: ఆడిన ఏళ్లు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన ఏడు, మరణించి ఉంటే ఆ తేదీ. తర్వాత ఫోటో మీదున్న ప్రతి రాతనూ వీటితో సరిచూడండి. హాల్ ఆఫ్ ఫేమ్ ఏడాదిని సంతకం కింద రాయడం ఆటగాళ్ల అలవాటు. నకిలీ చేసేవాళ్లు తప్పులో కాలేసేదీ ఇక్కడే.

- విన్స్ లొంబార్డి (కోచ్): మరణం 1970 సెప్టెంబర్, హాల్ ఆఫ్ ఫేమ్ 1971. ఆ గౌరవాన్ని ప్రస్తావించే రాత ఉంటే నకిలీ.
- డెరిక్ థామస్: మరణం 2000, హాల్ ఆఫ్ ఫేమ్ 2009.
- జూనియర్ సియావ్: మరణం 2012, హాల్ ఆఫ్ ఫేమ్ 2015.
- కెన్ స్టేబ్లర్: మరణం 2015 జులై, హాల్ ఆఫ్ ఫేమ్ 2016.
- వాల్టర్ పేటన్: హాల్ ఆఫ్ ఫేమ్ 1993, మరణం 1999 నవంబర్ 1. ‘హెచ్‌ఓఎఫ్ 93’ రాయడానికి అతనికి ఆరేళ్లు ఉన్నాయి. తన పరుగుల రికార్డు 16,726 గజాలను కూడా రాసిచ్చేవాడు.

చేతి ఆరోగ్యాన్ని కూడా ఇదే కాగితంలో చేర్చండి. జానీ యునైటస్‌కు పాత గాయం వల్ల చివరి ఏళ్లలో కుడిచేతి పట్టు బాగా తగ్గింది. అతని చివరికాలం సంతకాన్ని 1960ల సంతకం పక్కన పెట్టి ‘కలవడం లేదు’ అనుకుంటే పొరపాటే. బార్ట్ స్టార్ ఉత్తరాలకు ఓపిగ్గా జవాబిచ్చేవాడని పేరు. 2014లో పక్షవాతం వచ్చింది, 2019లో చనిపోయాడు. ‘2017లో నా ముందే చకచకా పెట్టాడు’ అని ఎవరైనా చెబితే అక్కడే ఆగి ఆలోచించండి.

పెన్నుకీ కాగితానికీ కూడా పుట్టినతేదీ ఉంటుంది. బాల్‌పాయింట్ పెన్నులు అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబర్‌లో. నోటర్ డేమ్ యూనివర్సిటీ జట్టు కోచ్ నూట్ రాక్నీ 1931లో విమాన ప్రమాదంలో పోయాడు. అతని పేరుతో బాల్‌పాయింట్ సంతకం కనిపిస్తే ఇక చూడాల్సిందేమీ లేదు. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. తొలితరం ఆటగాడు జిమ్ థోర్ప్ 1953లోనే చనిపోయాడు, కాబట్టి అతని పేరుతో షార్పీ సంతకం ఉంటే నకిలీయే. కాగితం సంగతికొస్తే, 1950ల మధ్య నుంచి ఫోటో కాగితంలో తెలుపు పెంచే రసాయనాలు కలపడం మొదలైంది. చీకటి గదిలో చిన్న అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే ఆ కాగితం నీలిగా మెరుస్తుంది. ‘1930ల నాటి అసలు ఫోటో’ అలా మెరిసిందంటే అది తర్వాత తీసిన ముద్రణే. మెరవనంత మాత్రాన పాతదని రుజువైనట్టు మాత్రం కాదు.

3. చేతికొచ్చిన ఫోటోను పరీక్షించే పద్ధతి

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, పక్క నుంచి వెలుగు పడే టేబుల్ ల్యాంపు చాలు. ఫోటోను కంటి ఎత్తుకు తెచ్చి, వెలుగు వాలుగా పడేలా కొద్దికొద్దిగా వంచండి. నిజమైన సిరా కాగితం మీద ఒక పొరలా కూర్చుని, చుట్టూ ఉన్న మెరుపు కన్నా వేరుగా మెరుస్తుంది. సంతకం కూడా ఫోటోతో కలిసి ఒకే నునుపుగా కనిపిస్తే అది ముద్రించినదే. జట్లు అభిమానులకు పంపే ఉచిత ఫోటోల్లో ఇలాంటివి బోలెడు. ఇందులో మోసమేమీ లేదు, దాన్ని సంతకమని అమ్మితేనే మోసం. భూతద్దంలో సిరాకు బదులు చిన్న చిన్న రంగు చుక్కలు కనిపించినా అదే అర్థం.

తర్వాత రెండు గీతలు దాటుకునే చోటు చూడండి. మార్కర్ గీత మీద గీత పడిన చోట రంగు ముదురుగా ఉంటుంది. రబ్బరు ముద్రలో ఈ ముదురు రాదు, పైగా సిరా గీత అంచులకు చేరి మధ్యలో పలచబడుతుంది. యంత్రంతో పెట్టే ఆటోపెన్ సంతకంలో పెన్ను ఆనిన చోటా లేచిన చోటా బొట్టులా పడుతుంది, మధ్యలో ఒత్తిడి ఎక్కడా మారదు. అదే ఆటగాడి రెండు సంతకాలు ఒకదానిమీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయా? మనిషి చేతికి అది సాధ్యం కాదు.

చేత్తో చేసిన నకిలీది వేరే దారి. అది నెమ్మదిగా గీసిన బొమ్మ. వేలసార్లు పెట్టినవాడి సంతకంలో వేగం ఉంటుంది, గీత చివర సన్నగా ఎగిరిపోతుంది. నకిలీలో గీత చివర మొద్దుగా ఆగుతుంది, వంపుల దగ్గర చిన్న వణుకు కనిపిస్తుంది. ఇంకో సూచన: అసలు సంతకాలు తరచూ వంకరగానే పడతాయి. జెర్సీ నంబర్ మీదకో, ఎవరి మోచేతి మీదకో పాకుతాయి. ఒకే అమ్మకందారు దగ్గర ఆరుగురు ఆటగాళ్లవి ఒకే పెన్నుతో, ఒకే సైజులో, ప్రతిసారీ ఖాళీ ఆకాశంలోనే కుదురుగా కూర్చుంటే అనుమానించాల్సిందే.

4. సర్టిఫికెట్‌ను సర్టిఫికెట్‌లాగే చూడండి

సంతకాలను పరిశీలించి ధ్రువీకరించే పీఎస్ఏ/డీఎన్ఏ, జేఎస్ఏ, బెకెట్ అనే మూడు సంస్థల ముద్రకే మార్కెట్లో ఎక్కువ విలువ. ఫెనాటిక్స్, ట్రైస్టార్, అప్పర్ డెక్ లాంటివి తాము పెట్టించిన సంతకాలకు తమ హోలోగ్రామ్ వేస్తాయి. ఇక్కడ ఒక తేడా తెలుసుకోండి. ‘విట్‌నెస్డ్’ అని ఉంటే సంస్థ మనిషి సంతకం పెడుతుండగా చూశాడని అర్థం. అది లేకపోతే నిపుణుడు తర్వాత పరిశీలించి చెప్పిన అభిప్రాయం మాత్రమే. రెండోది పనికిరానిదేం కాదు, మొదటిది బలమైనది.

స్టిక్కర్ మీది నంబర్‌ను అమ్మేవాడిచ్చిన లింకులో కాకుండా మీరే సంస్థ వెబ్‌సైట్ తెరిచి కొట్టండి. పేరూ వస్తువూ రెండూ కలవాలి. ‘సంతకం ఉన్న ఇండెక్స్ కార్డు’ అని వచ్చిందంటే స్టిక్కర్ ఎక్కడి నుంచో పీకి ఇక్కడ అంటించారు. డేటాబేస్‌లో ఫోటో కూడా ఉంటే సంతకంలో ఒక అక్షరం ఏ బొమ్మ అంచును తాకుతోందో పోల్చండి. ఇక్కడా క్యాలెండర్ పనికొస్తుంది. బెకెట్ ఈ ఆటోగ్రాఫ్ పరిశీలన మొదలుపెట్టింది 2016లో. 2015లో పోయిన స్టేబ్లర్ సంతకాన్ని వాళ్లు పరిశీలించి ఉండొచ్చు, పెడుతుండగా చూసి ఉండలేరు.

అమ్మకందారు సొంతంగా అచ్చేయించిన సర్టిఫికెట్ ఎంత మందంగా ఉన్నా, బంగారు రంగు సీలు ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకోకండి. 1990ల చివర ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో దక్షిణ కాలిఫోర్నియాలో పట్టుకున్న నకిలీ సంతకాల ముఠా సరుకుకు కూడా సర్టిఫికెట్లు ఉన్నాయి.

డబ్బు కట్టేటప్పుడు కొనుగోలుదారుకు రక్షణ ఉండే పద్ధతిలోనే కట్టండి. ‘స్నేహితులకు పంపినట్టు పంపండి, కొంచెం తగ్గిస్తా’ అన్నారంటే ఆ తగ్గింపు మీకు అక్కర్లేదు.

5. పోస్టులో తెప్పించుకోవడం

ఆటగాడికే ఫోటో పంపి సంతకం పెట్టించుకునే ఈ దారి అన్నిటికన్నా చవక, ఓపిక మాత్రం కావాలి. జవాబు రెండు వారాల్లో రావచ్చు, రెండేళ్లకూ రావచ్చు, రాకపోనూ వచ్చు. కాబట్టి పోతే బాధ కలిగించే పాత ఫోటోను ఎప్పుడూ పంపకండి. ఆటగాడి ఫౌండేషన్, అధికారిక వెబ్‌సైట్, పాత జట్టు కార్యాలయం చిరునామాకే రాయండి. ఇంటి చిరునామాల జాబితాలు డబ్బుకు అమ్ముతుంటారు, వాటి జోలికి వెళ్లకపోవడం మర్యాద.

కవరులో పెట్టాల్సినవి: అరపేజీ మించని చేతిరాత ఉత్తరం, ఒకటి లేదా రెండు ఫోటోలు, మీ చిరునామా రాసి స్టాంపులు అంటించిన తిరుగు కవరు, ఫోటో సైజుకు కోసిన ఒక అట్టముక్క. 8×10 ఫోటోకు తిరుగు కవరు 9×12, బయటి కవరు 10×13 అయితే మడతపెట్టాల్సిన పని ఉండదు. ఉత్తరంలో అతని ఆటలో మీకు గుర్తున్న ఒక్క మ్యాచ్ గురించి రాయండి. పొగడ్తల దండకం ఎవరూ చదవరు.

ఎక్కువగా బెడిసికొట్టేది స్టాంపుల దగ్గర. అమెరికా పోస్టు లెక్కలో పెద్ద కవరు వంగాలి. అట్ట మందమై వంగకపోతే దాన్ని పార్సిల్ ధరకు లెక్కేస్తారు, మీ స్టాంపులు చాలవు. తిరుగు కవరును ఫోటో, అట్టలతో సహా కౌంటర్‌లో తూయించి ఆ ధరకు సరిపడా స్టాంపులు అంటించండి. తేదీ ముద్రించే లేబుల్ వద్దు, ఆటగాడు ఆర్నెల్ల తర్వాత పంపితే అది చెల్లదు. మందం అర అంగుళం దాటకూడదు. దాటితే ఉత్త స్టాంపులతో పోస్టు డబ్బాలో వేయనివ్వరు, మీకోసం అతను పోస్టాఫీసుకు నడవాలి. ఎవరూ నడవరు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రాసేవాళ్లకు భారత స్టాంపులు తిరుగు ప్రయాణానికి పనికిరావు. అక్కడున్న అన్నయ్యనో పిన్నిగారి అమ్మాయినో అడిగి వాళ్ల చిరునామాతో తిరుగు కవరు పెట్టించడమే మేలు.

వచ్చిన ప్రతి జవాబునూ మూడో మెట్టులో చెప్పిన పరీక్షకు పెట్టండి. ఇంట్లోవాళ్లో సహాయకులో పెట్టిన సంతకాలు, ముద్రించిన కార్డులు ఈ దారిలోనే వస్తుంటాయి. కొందరు సంతకానికి ఇంత రుసుము అనో, ఫలానా సేవాసంస్థకు విరాళం ఇమ్మనో చీటీ పెట్టి మీ ఫోటోను తిప్పి పంపుతారు. నచ్చితే కట్టండి.

6. ఎదురుగా పెట్టించుకునే రోజు

వేసవిలో జరిగే నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్, ఊళ్లలో జరిగే కార్డ్ షోలు (ఆటగాళ్ల కార్డులు, సంతకాల సంతలు), ఆగస్టులో క్యాంటన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ వేడుకల రోజులు ఇందుకు అనువైనవి. టికెట్ కొనేముందు ధరల పట్టిక ఆసాంతం చదవండి. 8×10కి ఒక ధర, పెద్ద సైజుకు ఇంకో ధర, ‘హెచ్‌ఓఎఫ్ 85’ లాంటి అదనపు రాతకు మళ్లీ వేరే రుసుము ఉంటుంది.

కొత్త గ్లాసీ (నున్నగా మెరిసే) ఫోటో మీద పలచటి నూనెపొర లాంటిది ఉంటుంది. దానివల్ల సిరా నీటిబొట్టులా ముడుచుకుని గీత తెగుతుంది. ముందురోజు రాత్రి చిటికెడు బేబీ పౌడర్ చల్లి, మెత్తటి నూలుగుడ్డతో గుండ్రంగా తేలిగ్గా రుద్ది, పొడి పూర్తిగా పోయేదాకా తుడవండి. పొడి మిగిలిపోతే సిరా దానికి అంటుకుని తర్వాత రాలిపోతుంది, అసలుకే ఎసరు.

లేత రంగు నేపథ్యానికి నీలం షార్పీ. నలుపు కూడా బాగుంటుంది గానీ నీలం రాత ముద్రణ కాదని దూరం నుంచే తెలుస్తుంది. ముదురు జెర్సీలకు వెండిరంగు పెయింట్ పెన్ను. దాన్ని మూతతోనే నిమిషంపాటు ఊపి, చిత్తుకాగితం మీద మొన నొక్కి, రంగు దిగాక పది గీతలు గీసి చూసుకోండి. బల్ల దగ్గరకు వెళ్లాక మొదలుపెడితే ఫోటో మీద బొట్టు పడటం ఖాయం. బాల్‌పాయింట్ వద్దు. గ్లాసీ మీద జారుతుంది, లోతుగా గాడి మిగులుస్తుంది.

పేరు రాయించుకోవాలంటే అమెరికన్ ఆటగాడికి ‘వెంకట సత్యనారాయణ’ అని నోటితో చెప్పి లాభం లేదు. ‘సత్య’ అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో స్టిక్కీ కాగితం మీద రాసి, ఫోటో మీద కాకుండా ప్లాస్టిక్ కవరు మీద అంటించండి. పేరు రాయిస్తే అమ్మకం విలువ తగ్గుతుంది, నిజమే. అమ్మే ఉద్దేశం లేకపోతే రాయించుకోవడమే మంచిది. మళ్లీ అమ్ముకోడని ఆటగాడూ కాస్త మనసు పెట్టి రాస్తాడు. సంతకం ఎక్కడ కావాలో వేలితో గాల్లో చూపించండి, ఫోటోను తాకకండి.

పెట్టాక మార్కర్‌కు పది నిమిషాలు, పెయింట్‌కు కనీసం అరగంట ఆరనివ్వండి. వెనక వరుస తోస్తోందని తొందరపడి కవరులో దూరిస్తే ‘మోంటానా’ కాస్తా నీలం మరక అవుతుంది.

7. దాచడం

పీవీసీ కవర్లు, జిగురు పేజీల పాత ఆల్బమ్‌లు వద్దు. మన ఇళ్లలో పెళ్లి ఫోటోలు ఎలా అతుక్కుపోయాయో గుర్తుండే ఉంటుంది. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ స్లీవ్, దానిపైన టాప్‌లోడర్ (పైనుంచి దూర్చే గట్టి ప్లాస్టిక్ తొడుగు) వాడండి. ఫ్రేము కట్టిస్తే ఆమ్లం లేని మ్యాట్ (ఫోటో చుట్టూ పెట్టే అట్ట అంచు) పెట్టించి, గాజు సంతకాన్ని తాకకుండా సందు ఉంచమనండి. తాకితే తేమకు సిరా గాజుకే అంటుకుంటుంది. అల్ట్రావయొలెట్‌ను ఆపే గాజు వాడినా ఎండ పడే గోడ వద్దు. మార్కర్ సిరా వెలుగుకు ఊదాగా, గోధుమగా మారి పలచబడుతుంది, మళ్లీ తిరిగి రాదు. వెలిసిన సంతకం మీద ఇంకోసారి దిద్దించడమంటే దాన్ని చేజేతులా పాడుచేసుకోవడమే.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లకు తీసుకొస్తే స్టీలు బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వానాకాలంలో వాటిని మార్చండి. బయటి గోడకు ఆనుకున్న అర వద్దు.

ప్రతి ఫోటోకూ ముందూ వెనకా స్కాన్, కొన్న రసీదు, టికెట్, సర్టిఫికెట్ నంబర్, సంతకం పెట్టిన తేదీ, చోటు ఒకే ఫైలులో ఉంచండి. ఫోటో వెనక పెన్నుతో ఏమీ రాయకండి, ఒత్తిడికి అక్షరాలు ముందువైపు పొంగుతాయి. వివరాల చీటీ స్లీవ్‌కూ టాప్‌లోడర్‌కూ మధ్య పెడితే చాలు.